పిలిస్తే వస్తారు, కుక్కను మాత్రం తీసుకుపోరు

ఈ సమీక్షలో సంస్థ పేరు గానీ చిరునామా గానీ రాయడం లేదు. ఇందులో దాపరికమేమీ లేదు. వాళ్ళు నన్ను అడిగిన సాయం అదొక్కటే. అనంతపురం పొలిమేరలో రేకుల షెడ్లు వేసుకొని వీధికుక్కలకు, దెబ్బతిన్న ఆవులకు, అప్పుడప్పుడు చాకళ్ళు వదిలేసిన ముసలి గాడిదలకు వైద్యం చేసే ఈ చిన్న సంస్థ చిరునామాను ఎవరో పుణ్యానికి పోయి వాట్సాప్ గ్రూపుల్లో పంచారట. ఆ మరుసటి వారం నుంచి తెల్లవారేసరికి గేటు ముందు అట్టపెట్టెల్లో కళ్ళు తెరవని కుక్కపిల్లలు కనిపించడం మొదలైంది. తల్లిపాలు తాగని పిల్లలకు రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు. అలాంటి పెట్టెలో ఒక్క పిల్లకు పార్వో వైరస్ ఉన్నా అది షెడ్డులోని మిగతా పిల్లలకు పాకి రక్తపు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. అందుకని సేవ గురించి రాస్తాను, దారి మాత్రం చెప్పను. నిజంగా అవసరమున్నవారు పశువైద్యశాలలో అడిగితే ఫోను నంబరు దొరుకుతుంది. నాకూ అలాగే దొరికింది.

అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవారికి స్వచ్ఛంద సంస్థ అన్న మాట వినగానే గుర్తొచ్చేది ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. 1969లో స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిన ఆ సంస్థ కట్టించిన ఇళ్ళలో కాపురాలున్నాయి, దాని బత్తలపల్లి ఆసుపత్రిలో కాన్పులు జరిగిన కుటుంబాలు మా వీధిలోనే నాలుగైదున్నాయి. అంత పెద్ద చెట్టు నీడన పెరిగిన మనకు తెలియకుండానే ఒక అలవాటు పడింది: సంస్థ అంటే ఇచ్చేది, మనం పుచ్చుకునేవాళ్ళం. జంతువుల విషయంలోనూ ఇదే లెక్కతో ఫోను చేస్తాము. కుక్కకు దెబ్బ తగిలింది, మీరొచ్చి తీసుకుపోండి అని చెప్పి ఫోను పెట్టేస్తే మన బాధ్యత తీరిపోయిందనుకుంటాము. నేను కూడా సరిగ్గా ఆ లెక్కతోనే ఫోను చేశానని మొదటే ఒప్పుకుంటున్నాను.

గత ఏడాది శ్రావణమాసం. మా వీధిలో ఒక ఎర్ర రంగు ఆడకుక్క ఉంది, పిల్లలందరూ దాన్ని ఎర్రి అంటారు. ఆ పేరు రంగును బట్టి వచ్చిందే గానీ బుద్ధిని బట్టి కాదు. పాలవాడి మోపెడ్ చప్పుడును, గ్యాస్ బండి చప్పుడును వేరు చేసి గుర్తుపట్టగల కుక్క అది. నాలుగు రోజులుగా తల ఒక పక్కకు వాల్చి, చెవి విదిలిస్తూ, ఎవరు దగ్గరికి వెళ్ళినా కాలువ గట్టు కిందకు తప్పుకుంటోంది. ఐదో రోజు గాలి ఇటు తిరిగినప్పుడు వాసన వచ్చింది. చెవి వెనుక రూపాయి బిళ్ళంత పుండు, అందులో తెల్లగా కదులుతున్న పురుగులు. వానాకాలంలో చిన్న గాటు మీద ఈగ వాలి గుడ్లు పెడితే చాలు, ఒకటి రెండు రోజుల్లో ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. పక్కింటి పెద్దాయన సీతాఫలం ఆకు పసరు పిండమన్నారు, ఇంకొకరు కర్పూరం పొడి వేయమన్నారు. రెండూ మన పల్లెల్లో ఎద్దులకు చేసే వైద్యాలే, కానీ ఎద్దును స్తంభానికి కట్టగలం, ఎర్రిని పట్టుకునేదెవరు? 1962 నంబరుతో 2022 నుంచి తిరుగుతున్న ప్రభుత్వ సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లోని పశుపోషకుల కోసం ఉద్దేశించినవి. అందుకని ఈ సంస్థకు ఫోను చేశాను.

మొదటిసారి ఎత్తలేదు, రెండోసారీ ఎత్తలేదు. వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపాక ముప్పావుగంటకు జవాబు వచ్చింది, అదీ ప్రశ్నల రూపంలో: కుక్క తింటోందా, నోటి నుంచి చొంగ కారుతోందా, ఎవరినైనా కరిచిందా, వీడియో తీయగలరా, మేము వచ్చేదాకా మీరు అక్కడ ఉంటారా? చివరి ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పకపోవడం చూసి ఒక అమ్మాయి ఫోను చేసింది.

“అమ్మా, మీరు లేకపోతే మేం రాలేం. మేమొచ్చేసరికి అది యాడికో పోయింటాది. మీరు చూసుకుంటా ఉండాల.”

కోపం వచ్చిన మాట నిజమే. సేవ చేయడానికి షరతులేమిటని అనిపించింది. కానీ ఆ సాయంత్రం దాకా నేను అరుగు మీద కూర్చొని కుక్కను కనిపెట్టుకొని ఉన్నాను. పదకొండు గంటలకు ఫోను చేస్తే వాళ్ళు వచ్చినప్పటికి ఐదు దాటింది. పాత వ్యాను, అందులో ఒక కాంపౌండరు, ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి. డాక్టరు రాలేదు, వీడియోలు చూసి ఫోనులోనే మందు చెప్పారట.

తర్వాతి అరగంటలో జరిగింది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ సంస్థ పనితనం నాకు తెలిసింది అక్కడే. కాంపౌండరు వల తీయలేదు. ఉడికిన గుడ్డు ఉందా అని అడిగి, దాన్ని నలిపి కింద పెట్టి, ఎర్రికి వీపు తిప్పి కూర్చున్నాడు. అది గుడ్డు తింటుండగా మెడకు తాడు పడింది. అరవబోయేలోపు వెడల్పాటి గుడ్డపట్టీని మూతికి చుట్టి, గడ్డం కింద ఒక ముడి, చెవుల వెనుక ఒక ముడి వేశాడు. పుండున్న చెవి వైపు ముడి తగలకుండా పైకి జరిపి కట్టాడు. కర్పూర తైలంలో తడిపిన దూదిని పుండులో కుక్కి గడియారం చూసుకుంటూ ఆగాడు. ఆ నూనె ఘాటుకు లోపలి పురుగులు ఊపిరాడక పైకి వస్తాయట. వచ్చాయి. ఒక్కొక్కదాన్ని పట్టకారుతో తీసి ప్లాస్టిక్ మూతలో వేస్తుంటే ఆ అమ్మాయి లెక్కపెట్టింది. అరవై రెండు. లెక్క ఎందుకని అడిగితే, రేపు ఎన్ని వస్తాయో చూస్తే పుండు మానుతోందో లేదో తెలుస్తుందని చెప్పింది. పుండును పలచటి అయోడిన్ నీళ్ళతో కడిగి, మందు చల్లి, రెండు సూదులు వేశారు.

అంతా అయ్యాక వ్యాను తలుపు తెరిచి ఎర్రిని ఎక్కిస్తారని ఎదురుచూశాను. కాంపౌండరు పట్టకారు కడిగి, ఒక పొట్లంలో చుట్టి నా చేతికిచ్చాడు. “రేపు, ఎల్లుండి మీరే కడగాలమ్మా. మూతికి కట్టడం చూసినారు కదా.”

ఇంత పెద్ద పుండున్న కుక్కను వీధిలో వదిలేసి పోతారా అని ఆ రాత్రి నేను చాలా ఘాటుగా సందేశం పెట్టాను. వచ్చిన జవాబు మర్యాదగానే ఉంది గానీ మెత్తగా లేదు. షెడ్డులో పెట్టేది కాలు విరిగినవాటిని, లేవలేనివాటిని, వీధిలో ఎవరూ లేనివాటిని మాత్రమేనట. తిని, నడుస్తూ, చూసుకునే మనిషి ఉన్న కుక్కను తెచ్చి రోగాలున్న యాభై కుక్కల మధ్య పెడితే పుండు మానేలోపు డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బు అంటుకోవచ్చు. రెండో రోజు నేను పదకొండు పురుగులు తీశాను. మూడో రోజు ఒక్కటీ లేదు. చేతులు వణకలేదని చెప్పను. కానీ ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఇతరుల సంతకాలు సరిచూసిన నాకు ఉద్యోగ విరమణ తర్వాత ఎవరైనా ఒక పని నేర్పడం అదే మొదటిసారి.

రెండో సేవ కుటుంబ నియంత్రణ ఆపరేషన్. పుండు మానిన నెలకు వాళ్ళే గుర్తుపెట్టుకొని ఫోను చేశారు, ఈ విషయంలో మాత్రం పూర్తి మార్కులు ఇవ్వాలి. ఆడకుక్క చూలు రెండు నెలలే కాబట్టి ఆలస్యం చేస్తే వీధిలో మరో అయిదారు పిల్లలు తప్పవు. ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి కడుపు ఖాళీగా ఉండాలన్నారు. మా వీధిలో ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. నేను పెట్టకపోయినా ఎర్రికి ఆరు ఇళ్ళలో పద్దు ఉంది. ఇంటింటికీ వెళ్ళి చెప్పాల్సి వచ్చింది, దాంతో విషయం అందరికీ తెలిసి వాదన మొదలైంది. పక్కింటి పెద్దాయన మనవరాలికి నాలుగేళ్ళు. ఆ పాప కోసమైనా వీధిలో కుక్క ఉండకూడదన్నది ఆయన పట్టు. “పట్టుకుపోయినోళ్ళు మళ్ళా తెచ్చి ఈడనే వదిలేదేంది?” అని ఆయన వ్యాను ముందే నిలబడి అడిగారు.

న్యాయమైన ప్రశ్నే. 2001లో వచ్చిన కుక్కల జనన నియంత్రణ నియమాల స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. రెండింటి సారాంశం ఒకటే: ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటనే వదలాలి. చెత్త ఉన్నంతకాలం వీధి కుక్క లేకుండా ఉండదు. ఉన్నదాన్ని తీసేస్తే ఆ జాగాలోకి టీకా లేని కొత్త కుక్క వస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వాటిలో రేబిస్ వ్యాప్తి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అమ్మాయి ఇదంతా ఆయనకు ఓపికగా చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు, కానీ వ్యానుకు అడ్డం తప్పుకున్నారు. ఈ సంవాదాన్ని సంస్థ కరపత్రం పంచి ముగించి ఉండవచ్చు. అలా చేయకుండా పావుగంట ఎండలో నిలబడి మాట్లాడడం నాకు నచ్చింది.

ఎర్రిని పట్టుకున్నప్పుడు మెడకు నంబరు బిళ్ళ కట్టి, పుస్తకంలో “పాల బూత్ ఎదురుగా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన” అని రాసుకున్నారు. ఐదో రోజు పొద్దున సరిగ్గా ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే దింపారు. చెవి చివర చిన్న గంటు ఉంది; మత్తులో ఉన్నప్పుడే కత్తిరించే ఆ గంటును చూస్తే ఆపరేషన్ అయిన కుక్క అని దూరం నుంచే తెలుస్తుంది. పొట్ట మీద కోత బొటనవేలి కణుపంత కూడా లేదు. లోపలే కరిగిపోయే కుట్లు కాబట్టి మళ్ళీ విప్పించే పని లేదు. నగరంలో కొన్నిచోట్ల కుక్కలను ఒక పేట నుంచి తెచ్చి మరో పేటలో వదిలారన్న ఫిర్యాదులు నేను ఇతరుల నోట విన్నాను. ఇక్కడ ఆ పొరపాటు జరగకపోవడానికి కారణం ఆ పుస్తకమే.

ఎర్రి ఇంకా షెడ్డులో ఉండగా నాలుగో రోజు చూడడానికి వెళ్ళాను. వెళ్ళేవారు చెప్పి వెళ్ళాలి, సాయంత్రం పూట రెండు గంటల సేపే అనుమతి. ముందు వాసన గురించి చెప్పాలి: ఫినాయిలు, తడి గోనెసంచులు, ఉడుకుతున్న కోడి మెడలు. పెద్ద డేగిసాలో సంగటి కెలుకుతున్నారు. చికెన్ అంగళ్ళ నుంచి తెచ్చిన మెడలు, కాళ్ళు విడిగా ఉడికించి, ఎముకలు ఏరి, ఆ రసం సంగటిలో కలుపుతారు. ఉడికిన ఎముక విరిగి గొంతులో గుచ్చుకుంటుందని ఏరే పనికి ఒక మనిషినే పెట్టారు. జబ్బు కుక్కల గదుల ముందు సున్నం తొట్టి, అందులో చెప్పులతో కాళ్ళు ముంచి గానీ లోపలికి పోనివ్వరు. ఒక మూల నల్లటి మగకుక్కకు సెలైను ఎక్కుతోంది. జననాంగం దగ్గర వచ్చే అంటుగడ్డకు వారం వారం ఇచ్చే సూదిమందు అది. మనుషుల క్యాన్సర్‌కు వాడే మందేనని, అయినా నాలుగైదు సూదులతో చాలావాటికి పూర్తిగా నయమవుతుందని చెప్పారు.

ఆవుల కొట్టంలో ఒకటే ఆవు ఉంది, పొట్ట ఎడమ పక్క ఉబ్బి. మార్కెట్ దగ్గర కవర్లు తిని తిని పొట్టలో ముద్ద కట్టింది. నమిలి మింగినది మళ్ళీ నోటికి తెచ్చుకునే జంతువు కదా, ప్లాస్టిక్ అటు పైకీ రాదు, ఇటు కిందికీ పోదు. ఏళ్ళ తరబడి మొదటి పొట్టలోనే పేరుకుపోతుంది. దాన్ని కోసి తీయడం ఈ సంస్థకు సాధ్యం కాదు, వాళ్ళు ఆ మాట దాచలేదు. మన పక్కనే పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఇలాంటి ఆపరేషన్లు చేసి, ఆవుల పొట్టలోంచి తీసిన ప్లాస్టిక్‌ను సాక్ష్యంగా చూపి 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. అప్పటికి పుట్టపర్తి కూడా అనంతపురం జిల్లాలోనే ఉండేది. అంత స్థోమత లేని ఈ సంస్థ, చేయలేనిదాన్ని చేస్తామని చెప్పి విరాళం అడగదు. ఆ ఆవును పంపడానికి వాహనం ఖర్చు మాత్రం అడిగారు, దాని రసీదు కూడా నాకు పంపారు.

డబ్బు దగ్గరికే వస్తాను, ఎందుకంటే బ్యాంకు బుద్ధి పోదు. గేటు లోపల నల్లబల్ల మీద నెల ఖర్చు రాసి ఉంది: మందులు, డీజిలు, జీతాలు, తిండి, డాక్టరు ఫీజు. అడిగితే ఆడిట్ అయిన లెక్కలు చూపించారు. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఎ, దాతల విరాళానికి మినహాయింపునిచ్చే 80జి రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నాయి. ఇక్కడ దాతలకు రెండు మాటలు. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే విరాళంపై పన్ను మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే పంపాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఎలాగూ ఆ మినహాయింపే లేదు. పన్ను కోసం ఇచ్చేవారు ఆ సంగతి ముందే చూసుకోవడం మేలు. నా విరాళానికి మినహాయింపు పొందడానికి సంస్థ రసీదు ఒక్కటే సరిపోలేదు, విరాళానికి సంస్థ ఇవ్వాల్సిన 10బిఇ అనే పన్ను ధ్రువపత్రం కూడా కావలసి వచ్చింది. అది నాకు ఎంతో ఆలస్యంగా, మూడుసార్లు అడిగాక, పాన్ నంబరులో ఒక అక్షరం తప్పుతో వచ్చింది. దిద్దించుకోవడానికి మరో నెల పట్టింది. కుక్క మెడలోని బిళ్ళ నంబరును అంత జాగ్రత్తగా రాసుకునేవారు మనిషి పాన్ నంబరును కూడా అలాగే రాయవచ్చు కదా.

ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. ఫోను ఎత్తేది ఎక్కువగా కాలేజీ పిల్లలు. పరీక్షల కాలంలో, సెలవుల్లో సంస్థ సగం మూగబోతుంది. రాత్రి ఎనిమిది తర్వాత ఏదైనా జరిగితే తెల్లవారేదాకా ఆగాల్సిందే. పిల్లులకు ఆపరేషన్ చేయరు. ఫేస్‌బుక్‌లో పెట్టే ఫోటోలు మరీ నెత్తుటి మయంగా ఉంటాయి. నా వంటివారు వాటిని చూడలేక పేజీనే మూసేస్తారని ఒకసారి చెప్పాను, మార్పు కనిపించలేదు. దత్తత విషయంలో వాళ్ళ కఠినత్వం గురించి ఊళ్ళో చాలా గొణుగుడు వినిపిస్తుంది: ఇల్లు చూడనిదే కుక్కపిల్లను ఇవ్వరు, గొలుసుతో కట్టేస్తామంటే ఇవ్వరు, మేడ మీద ఒంటరిగా ఉంచుతామన్నా ఇవ్వరు. దీన్ని నేను తప్పుగా లెక్కించను. నేను కూర్చున్న అరగంటలోనే ఒకాయన వచ్చి లాబ్రడార్ ఉందా అని అడిగి, నాటు పిల్లలే ఉన్నాయంటే, ఊరికే ఇచ్చేదానికి కూడా ఇన్ని మాటలా అంటూ వెళ్ళిపోయారు.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టిన చోటనే వదలాలని, రేబిస్ అనుమానం ఉన్నవాటిని, మీద పడే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలరాదని, కేటాయించిన చోట్లలోనే తిండి పెట్టాలని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తొలగించి, మళ్ళీ అక్కడ వదలకుండా షెల్టర్లలో ఉంచమంది. అప్పటి నుంచి ఈ సంస్థకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మా బడి దగ్గర కుక్కలను తీసుకుపోండి అనేవేనట. స్థలం లేదు, ఉన్న షెడ్డు వైద్యానికే చాలడం లేదు. అలాంటి ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత స్థానిక సంస్థలదని వాళ్ళు అందరికీ ఒకే మాట చెబుతున్నారు, తిట్లు కూడా అందరి దగ్గరా ఒకేలా పడుతున్నారు. మా వీధికి మాత్రం ఒక మేలు జరిగింది: తిండి పెట్టే చోటు ఎక్కడుండాలో వాళ్ళే వచ్చి నడిచి చూసి చెప్పారు. పిల్లలు ఆడుకునే మలుపుకు దూరంగా, ఖాళీ స్థలం గోడ పక్కన, పొద్దున ఏడులోపు, రాత్రి తొమ్మిది తర్వాత. గిన్నె తీసి కడగడం పెట్టినవారి పనే.

పోల్చి చెప్పాలంటే, మనుషులను కుక్క కరిస్తే ఏం చేయాలో ఈ సంస్థ చేసే బోధన దాని వైద్యం కన్నా విలువైనది. వచ్చిన ప్రతి వీధిలోనూ వ్యాను ఎక్కే ముందు చెబుతారు: కరిస్తే, గీరితే, వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, కారం, సున్నం, పసుపు, కాఫీపొడి పెట్టకూడదు, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోవాలి, చర్మంలో వేసే పద్ధతిలో, మొదటి సూది రోజును సున్నాగా లెక్కపెట్టి, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ వెళ్ళాలి. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు వైద్యం లేనట్టే. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటిదాకా కాటుకు సున్నమే మందు అనుకున్నారు.

ఎవరైనా ఈ సంస్థను పిలవాలనుకుంటే ఫోనుతో పాటు వాట్సాప్‌లో వీడియో, ఆనవాళ్ళతో చిరునామా పంపండి. ఒక పూట సెలవు పెట్టుకోండి. ఒక గుడ్డు ఉడికించి ఉంచండి. కుక్కను వదిలించుకోవాలనుకునేవారు పిలవనవసరం లేదు, నిరాశే మిగులుతుంది. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ 10బిఇకి, ఎత్తని ఫోనుకు చెరి సగం.

ఎర్రికి ఏటా వేయించాల్సిన రేబిస్ టీకా గడువు వచ్చే నెలలో పడుతుంది. ఆ తేదీ సంస్థ గుర్తు చేయలేదు, నేనూ మరిచిపోయాను. గుర్తు చేసినవారు పక్కింటి పెద్దాయన. ఎర్రిని దింపిన రోజే ఆ అమ్మాయిని అడిగి తేదీ తెలుసుకొని, గోడ మీది క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంచారట. కుక్క వీధిలో ఉండకూడదన్న మాట మీద ఆయన ఇప్పటికీ అలాగే ఉన్నారు.